గరిటె తిప్పే చేయి

నిజామాబాద్ బోధన్ రోడ్డులో రామ్‌దాస్ ఫ్లెక్సీ దుకాణం ఎక్కడని అడిగితే ఊరికే దారి చెప్పి పంపరు. అతను రాసిన లైను ఒకటి చెప్పి, నవ్వి, ఆ తర్వాత చెయ్యి చాపి చూపిస్తారు. మనిషి పొట్టి, మాట పొడుగు. ఇప్పుడు యాభై రెండేళ్లు. పాతికేళ్ల కిందట సైకిలు హ్యాండిలుకు రంగు డబ్బాలు కట్టుకొని గోడలు రాసేవాడు. నందిపేట్ నుంచి ఏర్గట్ల దాకా, ఇటు బోధన్ దాటి మహారాష్ట్ర పొలిమేర దాకా, విత్తనాల కంపెనీకైనా బీడీల కంపెనీకైనా అతని చేతి అక్షరం పడని గోడ ఉండేది కాదు.

ఆ చేతికి కుంచె పట్టించింది అక్క గంగుబాయి. తండ్రి ముందే పోయాడు, తల్లి మంచాన పడింది. గంగుబాయి పొద్దున పసుపు చేలో కూలికి పోయి, మధ్యాహ్నం చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టి, తమ్ముణ్ణి పట్నంలో ఒక ఆర్టిస్టు దగ్గర పనికి పెట్టింది. ఆమె బడికి పోలేదు. తమ్ముడు గోడ మీద రాసింది ఏమిటో చదవలేదు కానీ, రంగు ఎక్కడ కారిందో, గీత ఎక్కడ వంకర పోయిందో దూరం నుంచే చెప్పేది.

ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక గోడలు రాసేవాళ్లందరి కుంచెలూ ఎండిపోయాయి. చాలామంది ఇంట్లో కూర్చున్నారు, కొందరు గల్ఫ్‌కు పోయారు. రామ్‌దాస్ మాత్రం ముప్ఫై అయిదేళ్ల వయసులో కంప్యూటర్ ముందు కూర్చొని మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. బొమ్మలు అందరూ పెడతారు. అతని దుకాణం నిలబడింది మాటల మీద. హెల్మెట్ల షాపుకు "రోడ్డు మీద లారీ, ఇంట్ల పెండ్లాం - తలకాయ జాగ్రత్త!" అని రాశాడు. మిక్సీల షాపుకు "అత్త నోరు ఆపలేం, మిక్సీ చప్పుడు ఆపగలం" అని రాశాడు. సెల్‌ఫోన్ షాపుకు రాసింది ఇక్కడ చెప్పకపోవడమే మంచిది. ఊరు పడిపడి నవ్వింది. మనమూ నవ్వాం, అబద్ధమెందుకు? నవ్వినప్పుడల్లా అందులో ఉన్నది ఎవరో ఆడమనిషే అన్న సంగతి రామ్‌దాస్‌కూ పట్టలేదు, మనకూ పట్టలేదు. అతని భార్య మాత్రం ఆ ఫ్లెక్సీలు చదవడం ఎప్పుడో మానేసింది. డిగ్రీ చదువుతున్న కూతురు దీక్షిత, తండ్రి దుకాణం ముందు నుంచి పోతూ తల తిప్పుకునేది.

పోయిన మే నెలలో సాయిప్రసాద్ దుకాణానికి వచ్చాడు. సాయిప్రసాద్ తాత నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకొని కోస్తా నుంచి వచ్చి బోధన్ పక్కన పొలాలు కొన్నాడు. తండ్రి చెంచురామయ్య చెరకు వేశాడు. ఫ్యాక్టరీ మూతపడి చెరకు తీసుకునే దిక్కు లేకుండా పోయాక వరికి మళ్లాడు. కొడుకు మడిలో దిగకుండా బోధన్‌లో ట్రాక్టర్ల షోరూం పెట్టాడు. మంచి మనిషే. వస్తూ వస్తూ మామిడిపళ్ల బుట్ట తెచ్చాడు.

"రామ్‌దాస్ గారూ, ఈ సీజన్‌లో కొత్త మోడల్ దింపానండీ. దానికి యాడ్ కావాలి. కానీ మంచి యాడ్ వద్దు."

రామ్‌దాస్‌కు అర్థం కాలేదు. "మంచిది వద్దా?"

"మంచి యాడ్ ఎవడు చూస్తాడండీ? రోడ్డు పొడుగూతా మంచి యాడ్లే. నాకు జనం తిట్టుకునే యాడ్ కావాలి. ఆడాళ్లు వచ్చి మా షోరూం ముందు గొడవ చేయాలి. కేబుల్ టీవీ వాళ్లు వచ్చి తీయాలి. ఫోన్లలో తిరగాలి. మూడో రోజు నేను చేతులు జోడించి క్షమాపణ ఫ్లెక్సీ పెడతాను. అప్పుడు మెచ్చుకునేవాళ్లూ మనవాళ్లే, తిట్టేవాళ్లూ మనవాళ్లే. బండి పేరు తెలియని ఇల్లు ఉండదు."

రామ్‌దాస్‌కు ముందు భయం వేసింది. ఆ వెనకే ఉషారు వచ్చింది. ఇన్నేళ్లూ నవ్వించడానికి రాశాడు, ఊరిని కొట్లాటకు దింపేంత పని ఎవరూ ఇవ్వలేదు. సాయిప్రసాద్ టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా లైను వచ్చేసింది.

"గరిటె తిప్పే చెయ్యి స్టీరింగ్ తిప్పితే... గింతే! మగోని బండి. మగోడే నడపాలె."

సాయిప్రసాద్ లేచి నిలబడి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. రామ్‌దాస్ ఒళ్లు పులకరించింది. ఆ ఊపులోనే, ఆ కూర్చున్న కుర్చీలోనే, క్షమాపణ ఫ్లెక్సీ కూడా రాసేశారు. "అక్కలారా, చెల్లెళ్లారా, మీ మనసు నొప్పించినందుకు మన్నించండి" అని పెద్ద గులాబీ రంగు అక్షరాలు. తిట్టు ఫ్లెక్సీ, క్షమాపణ ఫ్లెక్సీ ఒకే రోజు, ఒకే మిషన్ మీద, ఒకదాని వెనక ఒకటి దిగాయి. క్షమాపణను చుట్టి మూలకు నిలబెట్టారు, మూడో రోజుకు తయారుగా.

ఇక బొమ్మ కావాలి. మడిలో దిగబడ్డ ట్రాక్టరు, దాని మీద ఆడమనిషి. నెట్‌లో వెతికితే దొరికినవన్నీ పంజాబువో, ఇంకెక్కడివో, మడి మన మడిలా లేదు, మనిషి మన మనిషిలా లేదు. అప్పుడు రామ్‌దాస్‌కు తన ఫోన్లోనే ఉన్న ఫోటో గుర్తొచ్చింది. ఆ ఫోటోలో ఉన్నది గంగుబాయి.

గంగుబాయి పెనిమిటి నర్సింలు మస్కట్‌లో పని చేసి నడుం విరగ్గొట్టుకొని తిరిగొచ్చాడు. ఉన్న పాత ట్రాక్టరు అమ్మేద్దామని అందరూ అన్నారు. గంగుబాయి అమ్మనివ్వలేదు. నడపడం తనే నేర్చుకుంది. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కొని, కొంగు నడుముకు దోపి, ఆరేళ్లుగా నందిపేట్ పక్కన తమ ఊళ్లో కిరాయికి దున్నుతోంది. పసుపు పెట్టే ముందు బోదెలు తీయాలన్నా, నాట్లకు మడి బురద చేయాలన్నా ముందు ఆమెకే ఫోన్ చేసేవాళ్లు. గీత తప్పకుండా దున్నుతుందని పేరు. ఆ ట్రాక్టరు మడ్‌గార్డు మీద రామ్‌దాసే ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఒక పూలతీగ వేసి, కింద అక్క పేరు రాసిచ్చాడు.

ఆ ఫోటో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పోయినేడు నాట్ల కాలంలో రామ్‌దాస్ అక్క ఊరికి పోయాడు. అక్క మడిలో బండి తిప్పుతుంటే చూసి, "దిగవే అక్కా, నేను జర నడుపుత" అన్నాడు. ఆమె వద్దంది. "ఆ మూలకు పోకు, గక్కడ ఊట ఉన్నది" అని కూడా చెప్పింది. ఇతను విన్నాడా? సరిగ్గా ఆ మూలకే తీసుకుపోయి, ఇరుసు దాకా దింపాడు. గంగుబాయి నవ్వింది, కోప్పడలేదు. తమ్ముణ్ణి దింపి తను ఎక్కి, వెనకా ముందూ ఊపి, రాళ్లు వేయించి, గంట సేపు తంటాలు పడి బండి బయటికి తీసింది. ఆ తంటాలు పడుతున్నప్పుడు ఒడ్డు మీద నిలబడి ఏ పనీ లేని రామ్‌దాస్ తీసిన ఫోటో అది. పళ్లు బిగించి, నుదుటి మీద బురద మరకతో, స్టీరింగ్ మీద వంగి ఉన్న అక్క.

ఆ ఫోటోను కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాడు. మొహానికి నల్లద్దాలు పెట్టాడు. బండి రంగు మార్చాడు. నంబరు తుడిచాడు, మడ్‌గార్డు మీది పేరు తుడిచాడు. పేరు పైన ఉన్న పూలతీగ అతని కంటికి ఆనలేదు. తన చేతి పని తనకు ఎదురుగా ఉన్నా కనపడనంత అలవాటైపోయిన మనిషి. ఆ తీగను ఈ జిల్లాలో వేసేది ఒక్కడే. అది ఉన్న ట్రాక్టరూ ఒక్కటే.

ఫ్లెక్సీలు బోధన్‌లో రెండు, నిజామాబాద్‌లో రెండు, ఆర్మూర్ రోడ్డులో ఒకటి ఎక్కాయి. సాయిప్రసాద్ అనుకున్నదంతా అనుకున్నట్టే అయింది. మొదటి రోజు మగవాళ్లు ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నారు. రెండో రోజు మహిళా సంఘాల వాళ్లు చీపుర్లు పట్టుకొని షోరూం ముందు కూర్చున్నారు. ఎండకు పడిపోతారని సాయిప్రసాద్ వాళ్లకు షామియానా వేయించి చల్లటి నీళ్ల బాటిళ్లు పంచాడు. కేబుల్ టీవీ వాళ్లు అదీ తీశారు. రామ్‌దాస్ ఇంట్లో సోఫాలో కూర్చొని టీవీ చూస్తూ తొడ చరుచుకున్నాడు.

"సూసిన్రా? నా లైను టీవీల చదువుతున్నరు."

దీక్షిత టీవీకి దగ్గరగా పోయి నిలబడింది. కెమెరా ఫ్లెక్సీ మీదికి పోయినప్పుడు ఆమె వేలు పెట్టి చూపించింది.

"బాపూ, గీ పూలతీగ అత్త బండి మీదిది గదా?"

రామ్‌దాస్ రిమోట్ అందుకున్నాడు. "అన్ని బండ్ల మీద ఉంటది బిడ్డా."

"లే. గిది నువ్వేసినవ్. నేను పక్కన కూసొని సూసిన, నాకు తెల్వదా? అత్తను పెట్టినవా బాపూ? మన అత్తను?"

అతని భార్య వంటింట్లోంచి వచ్చి టీవీ చూసింది, మొగుణ్ణి చూసింది, లోపలికి పోయింది. రామ్‌దాస్ ఆ పూట అన్నం తినలేకపోయాడు. సిగ్గు అనే మాట అప్పటికి అతనికి తట్టలేదు. అక్కకు తెలియకుండా ఉంటే చాలు అన్నదే అతని ఆశ.

తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఫోన్ అందరి చేతుల్లోనూ ఉంది. నాలుగో రోజు నర్సింలు ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

"రామ్‌దాసూ, పిల్లలు కూడ గంగును చూసి గరిటె గరిటె అని అరుస్తున్నరు. పసుపుకు బోదెలు తియ్యమని చెప్పినోళ్లు ఒక్కొక్కలు వద్దంటున్నరు. ఐతారం నాడు వీడీసీ ముంగటికి రమ్మన్నరు. ఆడామె బండి నడిపితె రేపు ఏమన్నయితె ఊరి మీదికొస్తది, బందు పెట్టాలె అంటున్నరట."

వీడీసీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ, ఊరి పెద్దలది. గుడి కట్టినా, బెల్టు షాపు పాట పెట్టినా, ఎవరితో ఎవరు మాట్లాడకూడదన్నా వాళ్లు అన్నదే మాట. వాళ్లు వద్దంటే ఆ ఊళ్లో ఎవరూ గంగుబాయి బండిని మడిలో దించనివ్వరు. పసుపు పెట్టే కాలం జూన్‌లో ఇరవై రోజులు. అది పోతే ఆ ఇంటికి ఏడాది పోయినట్టే.

"అక్క ఏమంటున్నది బావా?"

"ఏమంటలేదు. బండికి ఆయిలు మారుస్తున్నది."

రామ్‌దాస్ సాయిప్రసాద్ దగ్గరికి పరుగెత్తాడు. గొడవ ఇంకా వేడిగానే ఉందని మూడో రోజు దాటినా సాయిప్రసాద్ క్షమాపణ ఫ్లెక్సీ ఎక్కించలేదు. ఉన్న ఫ్లెక్సీలు దింపించమన్నాడు రామ్‌దాస్. ఆ బొమ్మలో ఉన్నది తన అక్క అని చెప్పక తప్పలేదు. సాయిప్రసాద్ కాసేపు తెల్లబోయాడు. ఆ తర్వాత మొహం వెలిగిపోయింది.

"ఆవిడ నిజంగానే ట్రాక్టర్ నడుపుతారా? మరి మొదటే చెప్పలేదేంటండీ! క్షమాపణ యాడ్‌లో ఆవిడనే పెడదాం. మా కొత్త బండి మీద ఎక్కిద్దాం. మీరు లైను రాయండి."

ఇక్కడ రామ్‌దాస్ గురించి చెప్పడానికి సిగ్గుపడాల్సిన మాట ఒకటుంది. లైను వచ్చేసింది. "గరిటె తిప్పుత, గేరూ మారుస్త" అని అక్షరం పొల్లుపోకుండా అతని నోట్లో తయారైపోయింది. చెప్పబోయి పెదవులు బిగబట్టుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మెట్లు దిగాడు. ఎండకు కాళ్లు కాలితే మళ్లీ వెనక్కి పోయి చెప్పులు తొడుక్కున్నాడు. సాయిప్రసాద్ అక్కడే నిలబడి, "ఆలోచించండి గురువు గారూ" అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కమిటీ భవనం ముందు రేకుల కింద ఊరు కూర్చుంది. అధ్యక్షుడు కొమురయ్యకు రెండు ట్రాక్టర్లున్నాయి, రెండూ కిరాయికి తిప్పుతాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. రామ్‌దాస్ బైకు దిగగానే నలుగురు కుర్రాళ్లు వచ్చి చుట్టుకున్నారు. "ఏం రాసినవే అన్నా! ఒక్క ఫోటో" అంటూ సెల్ఫీలు తీసుకున్నారు. అక్క చూస్తుండగానే అతను ఆ ఫోటోలకు నిలబడ్డాడు. వద్దనడానికి నోరు రాలేదు. రెండో ఫోటోకు అలవాటుగా నవ్వాడు కూడా.

గంగుబాయి రేకుల స్తంభం పక్కన నిలబడి ఉంది. అదే చొక్కా, అదే చీరకట్టు. పక్కన కుర్చీలో నర్సింలు.

కొమురయ్య గొంతు సవరించుకున్నాడు. "గంగుబాయీ, నీ మీద మాకు పగ లేదు. ఆడామెవు, కష్టం చేసుకుంటున్నవ్, మంచిదే. గని రేపు బండి బోర్ల పడితె, ఎవలన్న కూలామె కింద పడితె జిమ్మేదారి ఎవలది? బోర్డు ఊరంత సూసింది. గది నీ బండే గదా?"

"నా బండే."

"సీట్ల ఉన్నది నువ్వే గదా?"

"నేనే."

"దిగబడింది నిజమే గదా?"

"నిజమే. గని దింపింది నేను గాదు. నేను తీస్తున్న. దింపింది నా తమ్ముడు. ఊట ఉన్నది పోకురా అంటే ఇనలే."

రేకుల కింద నవ్వు లేచింది. ఒకరు, "అయితే తప్పు తమ్మునిదన్నట్టు" అన్నారు. ఇంకొకరు, "మా ఇంట్ల కూడ కూర మాడితె పొయ్యిదే తప్పు" అన్నారు. దానికి ఇంకా నవ్వారు. వెనక కూర్చున్న ఆడవాళ్లలో కూడా ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

గంగుబాయి గొంతు పెంచలేదు. "ఆరేండ్ల సంది మీ అందరి పొలాలు దున్నిన. ఎవలి మడిలనన్న దిగబడ్డదా? చెప్పుండ్రి. కొమురన్నా, నీ బండి ఖరాబైన యేడు నీ పసుపు చేనుకు బోదెలు తీసింది నేనే గదా?"

కొమురయ్య చూపు పక్కకు తిప్పాడు. మిగతావాళ్లు ఆమె అడిగినదానికి జవాబు అవసరం లేదన్నట్టు కూర్చున్నారు. ఆమె మళ్లీ చెప్పింది, ఆ రోజు ఏ మడి, ఏ మూల, ఎన్ని రాళ్లు వేశారో కూడా చెప్పింది. వింటున్నట్టే ఉన్నారు గానీ ఎవరి మొహంలోనూ మార్పు లేదు. ఆఖరికి కొమురయ్య రామ్‌దాస్ వైపు తిరిగాడు.

"రామ్‌దాసన్నా, నువ్వే ఉన్నవ్ గదా. నువ్వు జెప్పు. నిజమేనా?"

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. సెల్ఫీలు తీసుకున్న కుర్రాళ్లు నవ్వుతూ చూస్తున్నారు. ఆ క్షణంలో రామ్‌దాస్‌కు అక్క కనపడలేదు. ఊరూరా తన మీద రాబోయే నవ్వు కనపడింది. మగోని బండి అని రాసినవాడే మడిలో దింపాడట అని చెప్పుకునే నోళ్లు కనపడ్డాయి. "యా..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. గొంతు సవరించుకొని, ఈసారి నేల చూస్తూ అన్నాడు, "నేనే."

"ఏందన్నా? ఇనపడలే."

"బండి దింపింది నేనే. అక్క వద్దన్నది. నేనే ఇనలే. అక్క తీసింది. తీస్తుంటే ఫోటో కొట్టిన."

కుర్రాళ్ల నవ్వు ఆగిపోయింది. కొమురయ్య తల గోక్కున్నాడు. "గట్లనా? గీ ముచ్చట ముందే జెప్తె అయిపోతుండె గదా! సరే తీ, గంగుబాయీ, నడుపుకో నీ బండి." అంతే. అరగంట నుంచి తెగనిది అర నిమిషంలో తెగిపోయింది. లేస్తున్నవాళ్లలో ఒకడు రామ్‌దాస్ భుజం తట్టి, "అన్నా, గరిటె నీకే ఇయ్యాలె" అన్నాడు. రేకులు ఎగిరిపోయేంత నవ్వు. రామ్‌దాస్ కూడా నవ్వాడు. సిగ్గేసినా గుండె మీది బరువు దిగినట్టే అనిపించింది.

అక్క దగ్గరికి పోతే ఆమె నర్సింలును లేపి నడిపిస్తోంది. "పోయొస్త అక్కా" అన్నాడు. ఆమె తల ఊపింది. పనిలో ఉంది, తర్వాత మాట్లాడుతుందిలే అనుకున్నాడు. నిజామాబాద్ దాకా బైకు మీద గాలి చల్లగా తగిలింది. నలుగురిలో నిజం చెప్పాను, ఎంతమంది చెప్తారు అనుకున్నాడు. ఇంటికి వచ్చి భార్యకు, కూతురికి కూర్చోబెట్టి చెప్పాడు. ఊరు ఎట్లా నోరు మూసుకుందో, కొమురయ్య ఎట్లా తల గోక్కున్నాడో చేతులు తిప్పుతూ చెప్పాడు. "యా..." అని ఆగిన సంగతి చెప్పలేదు. మర్నాడు సొంత మనుషుల్ని పెట్టి అయిదు ఫ్లెక్సీలూ దింపించాడు. సాయిప్రసాద్‌కు ఇక పని చేయనని చెప్పాడు. అక్క బండికి మళ్లీ పిలుపులు వచ్చాయని నర్సింలు చెబితే సంతోషించాడు.

రాఖీ పున్నమికి గంగుబాయి రాలేదు. పెళ్లయి పోయిన దగ్గర్నుంచి ఆమె రాని రాఖీ లేదు. నడుం పడిపోయిన మొగుణ్ణి ఆసుపత్రిలో పెట్టుకొని కూడా ఒక ఏడు మధ్యాహ్నం బస్సుకు వచ్చి కట్టి వెళ్లింది. రామ్‌దాస్ స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కొని పదకొండింటి దాకా గడపలో కూర్చున్నాడు. ఫోన్ చేస్తే నర్సింలు ఎత్తి, "ఇంట్లనే ఉన్నది" అన్నాడు. అంతకుమించి అనలేదు. రామ్‌దాస్ దారిలో ఒక దుకాణం దగ్గర ఆగి, ఎర్ర దారం, మధ్యలో చిన్న పువ్వు ఉన్న రాఖీ ఒకటి కొన్నాడు. తన చేతికి కట్టించుకునే రాఖీని తనే కొనుక్కుంటున్నానని దుకాణంలో ఆమెకు తెలుస్తుందేమోనని, బిడ్డ కోసమని అడక్కుండానే అబద్ధం చెప్పాడు.

గంగుబాయి వాకిట్లో ట్రాక్టరు పక్కన గొంతుక్కూర్చొని ముందు చక్రానికి గ్రీజు పెడుతోంది. తమ్ముణ్ణి చూసి లేవలేదు.

"వచ్చినవా? బువ్వ తిన్నవా?"

"అక్కా, రాఖీకి రాకపోతివి."

"రాలే."

"కోపమొచ్చిందా అక్కా? తప్పయింది. నలుగుర్ల ఒప్పుకున్న గదా. ఫ్లెక్సీలన్ని దింపించిన."

గంగుబాయి చేతి గుడ్డతో వేళ్లు తుడుచుకుంది. కోపంగా లేదు. చాలా రోజుల నుంచి ఆలోచించి అలసిపోయినదానిలా ఉంది.

"ఫోటోకు కోపం రాలేరా తమ్మీ. నీకు తెలివి తక్కువ, మాట ఎక్కువ, చిన్నప్పటి సంది నాకు ఎరికే. గరిటె అన్నా కోపం రాలే. గరిటె తిప్పుత, తప్పేమున్నది? నాకు పొద్దుందాక మండుతున్నది ఇంకోటి. ఆ దినం నేను అంతసేపు మొత్తుకున్న. ఒక్కడన్న నమ్మిండా? ఆరేండ్లు వాళ్ల పొలాలు దున్నిన నేను జెప్తే నవ్విండ్రు. నువ్వు నాలుగు ముక్కలు అన్నవ్, అయిపోయింది. ఆరేండ్ల నా పని నీ నోట్లె ఉన్నదారా? నువ్వు ఔ అన్నవ్, బండి నాదైంది. లే అంటే పోతుండె."

నిజం చెప్పానని రెండు నెలల నుంచి రామ్‌దాస్ లోపల మోసుకు తిరుగుతున్న గొప్ప ఏదైతే ఉందో, అది ఆ వాకిట్లో ఒక్కసారిగా సిగ్గుమాలినదైపోయింది. తను రాసిన లైను ఏం చెప్పిందో, తన ఒప్పుకోలు కూడా ఆ రేకుల కింద అదే చెప్పింది. మగోడే నడపాలె. మగోడే చెప్పాలె.

"ఒకటి అడుగుత, నిజం జెప్తవా?" అంది గంగుబాయి. "ఆ దినం నువ్వు ముందుగాల వేరే ఏందో అనబోయినవ్. నేను నీ మొకమే సూస్తున్న. ఏమనబోయినవ్?"

లేదక్కా, ఏం లేదు అని చెప్పడం ఎంత సులువు! రామ్‌దాస్ అక్క మొహం చూశాడు. నుదుటి మీద గ్రీజు మరక ఉంది. ఆమె జవాబు తెలిసే అడుగుతోంది.

"'యాదికి లేదు' అని అనబోయిన అక్కా."

గంగుబాయి గుడ్డ పక్కన పెట్టి, గ్రీజు డబ్బా దగ్గరికి లాక్కొని, రెండో చక్రం వైపు జరిగి కూర్చుంది. ఉండమనలేదు, పొమ్మనలేదు. రామ్‌దాస్ జేబులోని రాఖీ బయటికి తీయకుండానే బైకు తిప్పుకున్నాడు.